రేకు గది మీది కొమ్మ

మా వెనక గది పైకప్పు సిమెంటు రేకు. నిచ్చెన వేసుకుని రేకు మీదికెక్కితే చేతికందే ఎత్తులో పక్కింటివాళ్ళ నిద్రగన్నేరు కొమ్మ ఉండేది. కొమ్మ అని అలవాటు కొద్దీ అంటున్నాను గాని, మా సొంతూరు యానాంలో అంత లావు మానులున్న చెట్లే తక్కువ. అది పక్కింటి పెరట్లో మొదలై, గోడ దాటి, మా గది నిడివంతా దాటి, అవతలి సందు మీదికి పోయేది. ఆ గదిలో సరిగ్గా దాని కింద మా ఆయన మంచం. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. కొమ్మ విరిగితే ఆయన లేవలేరు, కనీసం పక్కకి దొర్లలేరు. ఈ సంగతి నాకు తెలుసు, పక్కింటివాళ్ళకి తెలుసు. చెట్ల ఆఫీసువాళ్ళకీ తెలుసు, ఎందుకంటే నేనే కాగితం మీద రాసి ఇచ్చాను.

అయినా ఆ మంచం అక్కడే ఉండేది. ఎందుకు ఉండేదో చెప్పాలంటే పాత సంగతులు కొన్ని చెప్పాలి. నేను మరిచిపోయే మనిషిని కాదు.

కదిర్కామం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. యానాం నుంచి ఈ తమిళ ఊరికి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఒర్లియంపేటలో అద్దెకున్నాం. తర్వాత కోసపాళయంలో ఈ ఇల్లు కొన్నాం. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు ఒక గది, మధ్యలో వంటిల్లు, వెనక రేకు గది, దాన్ని ఆనుకుని స్నానాల గది. గృహప్రవేశం రోజున అందరికన్నా ముందు వచ్చింది పక్కింటావిడ. తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు వాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చదవడం, రాయడం మాత్రం తమిళమే.

"ఏమ్మా, నువ్వేనా కొత్తగా వచ్చిండే సిస్టరు?" అంది గడపలోనే.

ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు కూడా నన్ను 'మీరు' అనేవారు. సరే, పెద్దావిడ కదా అని "రండక్కా, కూర్చోండి. ముందు ఫలహారం తీసుకోండి" అన్నాను.

ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "ఏంది ఈమె తెలుగు? సినిమాలో మాట్లాడే మాదిరి ఉండాదే!" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు.

"మీది తెలుగేనా అక్కా? నేను తమిళమనుకున్నాను" అన్నాను.

దానికి ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది. తగలాలని అన్న మాట తగలకపోతే అది అన్నవాళ్ళకే గుచ్చుకుంటుంది. పులిహోర ప్లేటు ఖాళీ చేసి, "ఉప్పు తక్కువ, పరవాలా" అని చెప్పి వెళ్ళిపోయింది.

అలాంటివి చాలా ఉన్నాయి. అన్నీ రాయను. ఒక్కటి రాయాలి. వీధిలోకి కూరగాయల బండి తెచ్చే ఆవిడతో ఒకసారి, "ఆ సిస్టరమ్మని చిటికెడు ఉప్పు అడిగినా సంతకం పెట్టమంటాది" అందట. బండావిడ నాకు వంకాయలు తూస్తూ నవ్వుకుంటూ చెప్పింది. ఆ వారంలోనే పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, "చెట్టు కొట్టేస్తా ఉండామమ్మా, వచ్చే బేస్తవారం. ఆకులు పడతాయి, బట్టలు లోపల వేసుకో" అని పిలిచి చెప్పింది. ఆవిడ భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఒక్కడే కొడుకు. అతనికి సంబంధం కుదిరింది, మేడ మీద గది వేయాలి, చెట్టు అడ్డం.

"ఎన్నేళ్ళదక్కా ఇది?" అన్నాను. మామూలుగా అడిగినట్టే అడిగాను.

"ఎవురికి తెలుసు? మా మామ పిలవ వరుషంలో పెట్టినాడంట. మా ఆయన చెప్తా ఉండె."

పిలవ అంటే మన ప్లవ నామ సంవత్సరం. లోపలికి వచ్చి కాగితం తీశాను. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుందని నాకు తెలుసు. ఆవిడ మామగారి కాలాన్ని బట్టి చూస్తే అది దగ్గరి ప్లవే అయి ఉండాలి, అంటే చెట్టుకి అప్పటికి యాభై దాటి కొద్ది ఏళ్ళు. నేను దాని ముందరి ప్లవ లెక్కగట్టి, నూరేళ్ళు ఎప్పుడో దాటిన చెట్టు అని రాశాను. పక్షుల గురించి రాశాను. ఒక్కో కొమ్మా ఈ పట్టణపు ఆస్తి అని కూడా రాశాను. సంతకం చేసి చెట్ల ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

వాళ్ళు వచ్చారు, మానుకి టేపు చుట్టి కొలిచారు, తలలెత్తి చూశారు. నిద్రగన్నేరు త్వరగా లావెక్కుతుంది. అంత మానుని చూసినవాళ్ళెవరికీ నూరేళ్ళంటే అనుమానం రాలేదు. ఏ ప్లవ అని నన్నెవరూ అడగలేదు. రెండు నెలలకి చెట్టుని రక్షిత వృక్షాల జాబితాలో చేర్చి, ఆకుపచ్చ రేకు మీద అంకె వేసి మానుకి కొట్టి వెళ్ళారు.

ఆ సాయంత్రం ఆవిడ గోడ దగ్గరికి వచ్చింది. "నువ్వా రాసింది?"

"అవును."

"ఎందుకమ్మా?"

"పెద్ద చెట్టు కదా, కాపాడాలని."

"సరి" అంది. అంతే. తిట్టలేదు. తిడతుందని నేను రెండు రోజులు సమాధానాలు సిద్ధం చేసుకుని ఉన్నాను. మేడ మీద గది లేదని ఆ సంబంధం తప్పిపోయింది. దానికి కారణం నేనని వాళ్ళింట్లో ఎవరూ నా ఎదుట అనలేదు. అతనికి ఇప్పటికీ పెళ్ళి కాలేదు.

ఇది తొమ్మిదేళ్ళ కిందటి మాట. నేను రిటైరైన ఏడాదే మా ఆయన పడిపోయారు. స్నానాల గది పక్కనే ఉంటుందని వెనక గదిలో మంచం వేశాను. ఆయన పడుకుని చూస్తే ఎత్తున ఉన్న కిటికీలోంచి ఆ కొమ్మే కనిపిస్తుంది. ఇంకేమీ కనిపించదు.

ఈ ఏడు వినాయక చవితి అయ్యాక ఒక ఉదయం రేకు మీద ఆకులు ఊడ్చడానికి ఎక్కాను. ఆకుల కింద సన్నటి చెక్కపొడి కనిపించింది. ఎక్కణ్ణుంచి రాలుతోందా అని చూస్తే, కొమ్మ మానుని విడిచే చోట, పైవైపు, నా జానెడు పొడుగున నల్లటి గీత. దానిలోంచి తడి కారుతోంది. ముప్ఫై ఏళ్ళు గాయాలు చూసినదాన్ని. పైన మూసుకుని లోపల కుళ్ళే గాయం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వేలితో తట్టాను. ఆ చప్పుడు నాకు నచ్చలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు వినడం మొదలుపెట్టాను. వీధి సద్దుమణిగాక ఎప్పుడో ఒకసారి పైన 'టక్'మనేది. మెటికలు విరిచినట్టు. మా ఆయన కళ్ళు అటు తిరిగేవి. మళ్ళీ నా వైపు తిరిగేవి.

చెట్ల ఆఫీసుకి వెళ్ళాను. కొత్త అధికారి, వయసులో నా కన్నా చాలా చిన్న. బల్ల ముందు కుర్చీ ఉంది. దాని మీద అతని టిఫిన్ క్యారియర్ ఉంది. తీయలేదు. నేను నిలబడే చెప్పాను. అంతా విని, బీరువాలోంచి ఫైలు తెప్పించి, మొదటి కాగితం నా వైపు తిప్పాడు.

"ఇది మీ సంతకమేనా మేడం?" అని తమిళంలో అడిగాడు.

"నాదే."

"'ఒక్కో కొమ్మా ఈ పట్టణపు ఆస్తి.' చాలా బాగా రాశారు." నిజంగానే మెచ్చుకుంటున్నట్టు అన్నాడు. "జాబితాలో ఉన్న చెట్టు మేడం. ఆకు తుంచాలన్నా కమిటీ కూర్చోవాలి. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో నేను చెప్పలేను."

"మనిషి కింద ఉన్నాడు."

"ఒక దారి ఉంది. చెట్టు వయసు నూరేళ్ళు లేదని తేలితే జాబితాలోంచి తీసేయొచ్చు, అప్పుడు కొమ్మకి నేనే అనుమతి ఇవ్వగలను. కానీ వయసు చెప్పింది మీరు. తప్పు చెప్పానని మీరే రాసివ్వాలి. ఆధారం చూపించాలి. చెట్టు గలవాళ్ళ ఒప్పుకోలు కావాలి." ఫైలు మూసి, "అంతవరకు పేషెంటుని ముందు గదిలోకి మార్చుకోండి" అన్నాడు.

ఈ చివరి మాట ప్రతివాళ్ళూ అన్నారు. మందుల షాపతను అన్నాడు. పక్కింటావిడ గోడ మీంచి, "నా కొడుకును పంపిస్తా, మంచం ముందరికి ఎత్తి పెడతాడు. ఏంది నీకు ఈ పట్టు?" అంది. ముందు గది ఇరుకు, స్నానాల గది దూరం, ఒంటి చేత్తో ఆయన్ని అంత దూరం తీసుకెళ్ళలేను అని చెప్పాను. అవన్నీ నిజాలే. కానీ అసలు సంగతి అది కాదు. వాళ్ళ చెట్టుకి భయపడి నా ఇంట్లో నేను గది ఖాళీ చేయడమేమిటి? మంచం జరిపితే ఆఫీసులో ఆ కుర్రవాడు 'ఇక తొందరేముంది' అంటాడు. మంచం అక్కడ ఉన్నంతకాలమే నా అర్జీకి బలం. అలా ఆలోచించాను.

మా ఆయన్ని అడగకపోలేదు. అన్నం తినిపిస్తూ, "మనం ఇక్కడే ఉందాం, ఏం?" అన్నాను. "ఊఁ" అన్నారు. ఆయనకి మిగిలింది ఆ ఒక్క శబ్దమే. అన్నం చాలా అంటే ఊఁ, ఇంకా కావాలా అంటే ఊఁ. నేను దాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నాను.

తప్పు రాశానని రాసివ్వడం నా వల్ల కాలేదు. కాగితం తీసి పెట్టుకునేదాన్ని, తేదీ వేసేదాన్ని, లేచిపోయేదాన్ని. అసలు ఆధారం ఎక్కడుంది, ఆధారం లేకుండా రాయడమెందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. కొమ్మ మాత్రం ఆగలేదు. జానెడు గీత మూరెడైంది.

ఒక పొద్దున పక్కింటావిడ మొదటిసారి మా పెరటి గుమ్మంలోంచి వచ్చింది. చేతిలో పసుపు గుడ్డలో చుట్టిన పొట్టి పుస్తకం. అట్ట నిండా కుంకుమ బొట్లు.

"మా మామ రాసిన బుక్కు. మా ఆయన పూజ అలమరలో పెట్టినాడు. ఏటా ఆయుధ పూజకు బొట్టు పెడతా ఉండాము. లోపల ఏముండాదో మాకు తెల్దు. చెట్టు సంగతి ఉంటాదేమో, నీకు పనికొస్తాదేమో చూడమ్మా. నువ్వొకతివే కదా ఈ వీధిలో ఈ అచ్చరాలు తెలిసినదానివి."

వెటకారమా అని ఆవిడ ముఖం చూశాను. కాదు.

వంటింటి గట్టు మీద పెట్టుకుని చదివాను. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరు పోయారు, బావి ఎప్పుడు పూడిక తీశారు, అంతే. అక్షరాలు గుండ్రంగా, ఒత్తులు పొందిగ్గా ఉన్నాయి. ఇన్నేళ్ళు వాళ్ళు పూజించింది ఒక ఇంటి దినచర్యని. నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. తర్వాత ఆ పేజీ వచ్చింది. పైకే చదివాను.

"ప్లవ నామ సంవత్సరం, శ్రావణం. పెద్దవాడు పుట్టినాడు. ముందరి ఇద్దరు దక్కలేదు. వీడి పదకొండో దినాన పెరట్లో నిద్రగన్నేరు మొక్క నాటినాను. రెండూ నిలిస్తే చాలు."

నాకు కావలసింది దొరికింది. పెద్దవాడంటే ఆవిడ భర్త. ఆయన పుట్టిన ఏడు అన్ని కాగితాల్లోనూ ఉంటుంది. ఇక ఏ ప్లవ అన్న అనుమానమే లేదు. ఆ సంతోషంలో ఆవిడ వైపు చూడలేదు. చూసేసరికి ఆవిడ గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"మల్లా చదువు."

చదివాను.

"ఇంగొక తూరి."

మళ్ళీ చదివాను.

"ఆయనా అదీ ఒక ఈడేనా!" అంది. "ముప్ఫై ఏండ్లు నాతో ఉండి ఆ మనిషికే తెల్దు. నేనేమో ఆయన పోయిన ఏడాదే కొట్టేద్దామని..." మాట ఆపి పుస్తకం తీసుకుని గుడ్డలో చుట్టింది. "నువ్వు రాసి ఆపినావు. మంచిదే అయ్యింది."

నేను కక్షతో చేసిన పనికి ఆవిడ చెప్పిన కృతజ్ఞత అది. అంతకన్నా చెంపమీద కొట్టినా బాగుండేది.

"ఒప్పుకోలు సంతకం పెట్టాలక్కా" అన్నాను.

"రెండు దినాలు ఆగమ్మా."

బదులు తీర్చుకుంటోందనే అనుకున్నాను. కాదు. సరిగ్గా మూడో రోజు పొద్దున్నే తమిళంలో సంతకం చేసిన కాగితం, పుస్తకంలోని ఆ పేజీ నకలు, భర్త మరణ ధ్రువపత్రం నకలు తెచ్చి ఇచ్చింది. "ఆ కొమ్మ మాత్రం. మానును తాకకూడదు. అట్లనే రాయించినా" అంది. ఆవిడ రెండు రోజులు అడిగి రెండు రోజులే తీసుకుంది. ఆ తర్వాత నా ఉత్తరం రాయడానికి నేను పదకొండు రోజులు తీసుకున్నాను. 'గతంలో నేను ఇచ్చిన వయసు సరైనది కాదు, అది నాకు అప్పుడే తెలుసు' అని రాయాలి. పదకొండో రోజున రాశాను. ఆఫీసులో కుర్రవాడు చదివి, ఈసారి నన్నేమీ మెచ్చుకోలేదు. కుర్చీ మీద క్యారియర్ లేదు. అయినా నేను కూర్చోలేదు.

కార్తీక మాసంలో తుపాను వచ్చింది. పొద్దున్న మొదలై చీకటి పడేదాకా ఊపింది. సముద్రం వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ కొమ్మ పైకి లేచి, దిగి, రేకు అంచుని రాసుకుంటూ పోయేది. నేను మంచం పక్కన కూర్చుని మా ఆయన గుండె మీద చెయ్యి వేసి ఉన్నాను. అప్పుడు కూడా జరపలేదు. సాయంత్రానికి గాలి తగ్గింది. వీధిలో రెండు వేపచెట్లు పడ్డాయి, ఇది పడలేదు.

మర్నాడు గోడ దగ్గర, "చూశారా అక్కా, నిలబడింది" అన్నాను. గెలిచినట్టే అన్నాను.

"ఇది గాలికి పడే జాతి కాదమ్మా. తూంగుమూంజి కదా, పగలంతా తాగిన నీళ్ళు మోసుకుని అట్లనే నిద్రపోతా ఉంటాది. నిద్రలో చెయ్యి వదుల్తాది. గాలి లేని పొద్దు చూసుకో." నిద్రమొహం చెట్టు, తూంగుమూంజి, అంటారు ఇక్కడ దాన్ని. "మీ ఇంటాయనను ముందరికి మార్చు."

"అనుమతి వచ్చేస్తోంది కదా."

"నీతో మాట్లాడేదానికంటే ఆ చెట్టుతో మాట్లాడొచ్చు" అని లోపలికి పోయింది.

తుపాను వెళ్ళిన తొమ్మిదో రోజున, అనుమతి తయారైంది వచ్చి తీసుకెళ్ళమని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆకు కదలని రోజు. ఉక్కగా ఉంది. మా ఆయనకి నీళ్ళు తాగించి, స్టీలు గ్లాసు ఎడమ చేతికి అందేలా పెట్టి, పెరటి తలుపు గొళ్ళెం తీసి ఉంచి బయల్దేరాను. మంచంలో మనిషి ఉన్న ఇల్లు కదా, అవసరానికి ఎవరైనా రావడానికి ఆ తలుపు ఎప్పుడూ అలాగే ఉంచుతాను. ఆఫీసులో గంటన్నర పట్టింది. అనుమతి కాగితం సంచిలో పెట్టుకుని ఆటోలో వస్తున్నాను. మా వీధి మలుపులో జనం. ఆటో ముందుకి పోలేదు. దిగాను. వీధి నిండా తెల్లటి పొడి పొగమంచులా నిలబడి ఉంది. గాలి లేదు కదా, ఎటూ పోవడం లేదు.

ఎవరో "సిస్టర్, మెల్లగా" అన్నారు. వినలేదు. ముందు గది గుమ్మం దాటేటప్పటికే వంటింటి వెనక ఆకాశం కనిపించింది. ఆకాశం, ఆకులు. వెనక గది ఉండాల్సిన చోట చెట్టు ఉంది. మంచం తలవైపు ఇనుప కమ్మీ ఒక్కటి కొమ్మ కిందినుంచి వంగి బయటికి వచ్చి ఉంది.

ఎడమవైపు నుంచి, "అమ్మా, ఈడ. ఈడుండాడు" అని వినిపించింది. నేను దాటుకుని వచ్చిన ముందు గదిలోనే, తలుపు వెనక, చాప మీద, గోడకి దిండు వేసి మా ఆయన్ని కూర్చోబెట్టి ఉన్నారు. పక్కింటావిడ విసనకర్రతో విసురుతోంది. ఆవిడ కొడుకు ఆయన్ని వెనకనుంచి పట్టుకుని ఉన్నాడు. ఒంటి మీద గీత పడలేదు.

అప్పుడు నా నోటివెంట వచ్చిన మొదటి మాట ఏదో ఉన్నదున్నట్టు రాయాలి. "ఎవరు తెచ్చారు ఇక్కడికి? ఎవర్ని అడిగి తెచ్చారు?" అన్నాను.

ఆవిడ విసరడం ఆపలేదు. "ఆయనే పిలిచినాడమ్మా."

"మాట రాదు ఆయనకి."

"గ్లాసు గోడకేసి కొడతాడు. నువ్వు బయటికి పోతానే కొడతాడు. నా కొడుకు వచ్చి ఎత్తుకొచ్చి ఈడ కూర్చోబెడతాడు. నువ్వొచ్చే పొద్దుకు మల్లా ఆడనే పండబెడతాము. నీకు తెలిస్తే వద్దు, వేణాం అంటావని."

"ఎన్నాళ్ళుగా?"

ఆవిడ కొడుకు తల వంచుకుని, "రెండు నెలలుంటాది సిస్టర్" అన్నాడు.

రెండు నెలలు. ఒకసారి దుప్పటి నేను మడిచే వైపు కాకుండా రెండోవైపు మడిచి ఉంటే, నాకే మతిమరుపు వస్తోందనుకున్నాను. ఒకసారి ఆయన మడమకి ముందు గది చాప గీతలు అచ్చు పడి ఉంటే, రక్తప్రసరణ తగ్గిందేమోనని నూనె రాశాను. వార్డులో ఏ పేషెంటు కళ్ళలో భయమున్నా గుమ్మంలోంచే పట్టేదాన్నని నాకు పేరు. నా ఎదురుగా, నా చేతి అన్నం తింటూ, పగలూ రాత్రీ ఆ కొమ్మ వైపే చూస్తున్న మనిషి భయపడుతున్నాడని నాకు తట్టలేదు. తట్టి ఉంటే మంచం జరపాల్సి వచ్చేది.

ఆయన ముందు కూర్చున్నాను. ఆయన నా వైపు చూడలేదు. మూడు రోజులు చూడలేదు. అన్నం నా చేత్తో కాకుండా ఆవిడ చేత్తో తిన్నారు. నన్ను ఎంతమంది ఏమేమి అన్నారో అన్నీ గుర్తున్నదాన్ని నేను. ఆయన్ని నేను ఏమి చేశానో గుర్తుపెట్టుకోవడానికి ఆయనకీ హక్కుంది.

నాలుగో రోజున చెట్ల ఆఫీసువాళ్ళు వచ్చారు. పడిన కొమ్మని కొలిచి, ఫోటోలు తీసి, అది తానే పడింది గాని ఎవరూ నరకలేదని రాసుకుని, తర్వాత తీయించేశారు. ఆ కుర్రవాడు మాను దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కొమ్మ ఊడిన చోట మాను లోపల తెరుచుకుని ఉంది. లోపలంతా నలుపు, నలిపితే పొడి అయ్యే నలుపు. చీలిక అక్కడితో ఆగలేదు. మాను పొడుగునా కిందికి, పక్కింటివైపు దిగింది. ఇక్కడ భారం పోయింది కనుక చెట్టంతా అటే ఒరుగుతోంది. అటు వాళ్ళ ఇల్లు.

"జాబితాలోంచి తీసేశాం మేడం. కానీ మాను కొట్టాలంటే ఆవిడ సంతకం కావాలి. లేదంటే ప్రమాదమని ఎవరైనా అర్జీ పెట్టాలి. అప్పుడు కమిటీ ఆవిడకి నోటీసు ఇస్తుంది" అన్నాడు.

ఆవిడ సంతకం పెట్టదు. కొడుకు కాళ్ళు పట్టుకున్నాడు. ఒర్లియంపేటలో మేనమామ ఇంటికి కొన్నాళ్ళు పోదామన్నాడు. పోలేదు. పైగా తుపాను తర్వాత ఇల్లు ఉక్కగా ఉందని మధ్యాహ్నాలు నవారు మంచం పెరట్లో, ఆ చెట్టు మొదట్లోనే వేసుకుంటోంది. అతను నా దగ్గరికి వచ్చి, "మీరు చెప్పండి సిస్టర్. మీ మాట గట్టిది" అన్నాడు.

వెళ్ళి చెప్పాను. చీలిక చూపించాను. నలుపు నలిపి ఆవిడ అరచేతిలో వేశాను.

"నువ్వు చెప్తే నేను వినాలనా?" అని నవ్వింది. కోపంగా కాదు, గృహప్రవేశం రోజున నవ్వినట్టే. "నువ్వు ఎవురి మాట విన్నావు?"

"వినకపోతే ఏమయిందో చూశారుగా."

"చూసినా. నీకు పొయ్యేదానికి ముందర గది ఉన్నింది. నాకు ఆయన ఈడనే ఉండాడు." అరచేతిలోని పొడి దులపకుండా పిడికిలి మూసింది. "నిలిచినంత కాలం నిలవనీ. నువ్వు మాత్రం దేనికీ రాయొద్దు. ఒట్టు."

ఒట్టు వేయలేదు. ఇంటికి వచ్చి మూడు రోజులు ఊరుకున్నాను. ఆవిడకి నేను బాకీ ఉన్నది ఎలా తీరుతుందో తెలియలేదు. ఆవిడ అడిగినట్టు రాయకుండా ఉంటే తీరుతుందా? మా ఆయన ప్రాణం ఆవిడ కాపాడింది నన్ను అడగకుండానే కదా.

నాలుగో రోజున రాశాను. ఈసారి ఉన్నది ఉన్నట్టే రాశాను. చెట్టు వయసు సరిగ్గా రాశాను, చీలిక పొడుగు రాశాను, కింద ఎవరు ఏ వేళకి పడుకుంటారో రాశాను. చెట్టు గలవాళ్ళు వద్దంటున్నా కొట్టించవలసిందని వేడుకున్నాను. మొదటి అర్జీలో చేసినట్టే కింద పూర్తి పేరుతో సంతకం చేశాను. కమిటీ నోటీసు ఆవిడ పేరుకి వస్తుంది. ఎవరి అర్జీ మీదో అందులో ఉంటుంది. తమిళంలో ఉంటుంది కనుక ఆవిడే చదువుకుంటుంది. ఆ తర్వాత ఆవిడ గోడ దగ్గరికి రాదు. నాకు తెలుసు. చేసినవాళ్ళని క్షమించని మనిషిని నేను, ఆవిడని క్షమించమని అడగను.

నోటీసు నిన్న తపాలాలో వేశామని ఆ కుర్రవాడు పొద్దున్న ఫోన్ చేశాడు. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. వీధిలో ఒక్క ఆకు కదలడం లేదు. మా ఆయన ముందు గదిలో పడుకుని ఉన్నారు గాని నిద్రపోవడం లేదు, ఆయన కూడా వింటున్నారు. గోడ అవతల ఆవిడ నవారు మంచం పెరట్లోకి ఈడ్చుకుంటోంది. తపాలా మనిషి ఇంకా రాలేదు.